నాలుగో నంబరు కాడ

కాజీపేట చౌరస్త దాటి వంతెన దిక్కు పోతుంటె
జహంగీర్ రేడియో దుకాణం.
రేడియోలు రిపేరుకొచ్చుడు ఎన్నడో బందైంది,
బోర్డు మాత్రం ఉన్నది, 'యో' రాలిపోయి.

ఆదివారం మూడింటికి షట్టరు సగం దించి
నలుగురం కూసుంటం.
నా చేతిల పాత గూడ్సు రిజిస్టరు.
వ్యాగన్ నంబరు గడిల పాట,
బరువు గడిల మార్కులు,
రిమార్కుల గడిల తిట్లు.

నలభై అయిదు తిరుగుళ్ల చిన్న బిళ్లలు, పన్నెండు.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ల డాన్సులు బందైనంక
తుక్కు కింద తూకానికి పోతుంటె
మోరిన్ టీచరు గౌను ఒళ్లె ఏసుకొని తెచ్చినయి.
ఇంగ్లీషు ఆమెకొక్కదానికే వస్తది.
మాకు మేం పెట్టుకున్న పేర్లే:
ఎర్రబిళ్ల, ఎక్కిళ్ల పిలగాడు, గోడదూకుడు,
పియానోను కొట్టి సంపినోడు,
ఇంకోటి, ఉత్తగ 'అత్తమీది కోపం',
డోలు మీద వాడు తీర్సుకునేది గదే.

మార్కులేసుడు అల్కటి పనేం కాదు.
రామగుండం బొగ్గు గూడ్సు వచ్చిందనుకో,
బల్ల వణుకుతది, సూది దుంకుతది,
పాట ఒక్క అంగల మూడు చరణాలు దాటుతది.
గూడ్సు కిందవడ్డ పాటకు పదికి అయిదు రావు.
"నీ ఎర్రబిళ్ల గెలిసిందా?
గూడ్సు లేటుండె, గెలిసింది" అంటడు ఓదెలు.
ముప్ఫై ఏండ్లు ఇంజను నడిపిన మనిషి,
సప్పుడు ఇని వ్యాగన్లు లెక్కవెడతడు.
"యాభై ఎనిమిది. మద్దెల ఒకదాని చక్రం సపాటైంది."
ఆ సపాటు చక్రం దడదడ
ఎక్కిళ్ల పిలగాని తాళానికి సరిగ్గ అతికిందని
ఒకనాడు పదికి పదకొండు ఏసిండు.
జహంగీర్ రిజిస్టరు గుంజుకున్నడు:
"రైలుకిస్తున్నవా, పాటకిస్తున్నవా?"
"ఇద్దరికి."

మొదటి మూడు ఎన్నడు కదల్లె.
లొల్లంత నాలుగో నంబరు కాడ్నే.
రాసి కొట్టేసి, రాసి కొట్టేసి
కాయితం బొక్కవడ్డది.
బొక్కలకెళ్లి కింది పేజీల
బెల్లంపల్లికి పోయిన ఉప్పు బస్తాలు కనవడుతున్నయి.

మోరిన్ టీచరు నాలుగుకు ఎన్నడు ఓటెయ్యలె.
మొన్న అడిగిన.
చాయ గిలాస కిందవెట్టి చెప్పింది,
ఇంకో బిళ్ల ఉండెనని.
గచ్చు మీద సుద్దపొడి సల్లి ఆడేటోళ్లట.
ఆ రాత్రి పాట సగంల కరెంటు పోయిందట,
పాడేటోని గొంతు దిగి, దిగి,
ముసలోని గొంతై ఆగిందట,
ఆడేటోళ్లు మాత్రం ఆగలేదట.
చీకట్ల ఉత్త బూట్ల సప్పుడు,
పాట ఎంత పొడుగుంటదో అంత సేపు.
"కరెంటొచ్చినంక సూస్తె బిళ్ల రెండు ముక్కలు.
ఒకాయన దాని మీదనే కూసున్నడు."
ఎవరని అడిగిండు ఓదెలు.
"ఎవరేంది, తర్వాత పెండ్లి చేసుకున్న."

మేం ఇననిదాన్ని ఎట్ల రాసుడు?
జహంగీర్ ఒప్పుకోలె,
సూది ఆననిదానికి మార్కు లేదన్నడు.
ఓదెలు బల్ల మీద రెండు వేళ్లు ఆనిచ్చి
"జర ఎట్లుంటదో చెప్పు టీచరమ్మా" అన్నడు.

ఆమె పాడలె.
లేసి, సెప్పులు ఇడిసి,
సోల్డరు సుక్కలు పడి ఎండిన గచ్చు మీద,
ఒక మోకాలు ఒంగది గద, ఇంకో కాలుతోనే
మడిమె, వేళ్లు, మడిమె,
ఆగి, లెక్క తప్పినట్టు పైకి సూసి,
మళ్ల మడిమె.

గప్పుడే బొగ్గు గూడ్సు.
బల్ల వణికింది, గిలాసలు గలగలమన్నయి,
పెట్టెల పన్నెండు బిళ్లలు కదిలినయి.
ఆమె మాత్రం దుంకలె.

ఏం రాయాల్నో తెలువక
బరువు గడిల రాసిన:
యాభై తొమ్మిది వ్యాగన్లు.
కాదన్నడు ఓదెలు, యాభై ఎనిమిదేనట.
ఇప్పటికి గదే లొల్లి.